మొదటి వరుస చూసి పంపిన ప్రశ్న

పెద్దమనుషులారా, ప్రశ్న పూర్తిగా చదవక్కర్లేదు, మొదటి వరుస చూసి ఎవరో ఒకరి నెత్తిన పడేయమని నేర్పింది మీరే. పడేసింది మాత్రం పోస్టుమాస్టరమ్మ. సిగ్గంతా ఆమెకే మిగిల్చారు.

గ్రంథాలయంలో తోటివాళ్లు ఆమెకు పెట్టిన పేరది. ఆన్‌లైన్‌లో జనం అడిగే ప్రశ్నల్లో ఏది ఏ నిపుణుడికి వెళ్లాలో చూసి పంపడం ఆమె పని. తెర మీద మొదటి వరుసే కనిపిస్తుంది. మిగతాది కావాలంటే తెరవాలి. తెరిచేవాళ్లు వెనకబడతారు. వెనకబడ్డవాళ్లను పెద్దసారు అందరి ముందూ కడిగేస్తాడు. ఆమెను మాత్రం చెయ్యి చురుకని మెచ్చుకునేవాడు. ఆ మెప్పుకు ఆమె ఉబ్బిపోయేది కూడా.

తమ వీధిలో పాత రంగుల ఫ్యాక్టరీ ఎక్కడ ఉండేదని ఒక తల్లి అడిగింది. పాత అన్న మాట కంటపడగానే పోస్టుమాస్టరమ్మ చరిత్ర మాస్టారికి పంపేసింది. ఆయన మురిసిపోయి, ఫ్యాక్టరీ గేటు ఫొటో వెతికి మరీ జవాబు రాశాడు.

ఈ ఉదయం ఆ తల్లి మళ్లీ రాసింది. "ఫొటో బాగుందండీ. నేనడిగింది బోరు నీళ్ల సంగతి. పిల్లలకు ఒళ్లంతా దద్దుర్లు. ఆ నీళ్లు తాగించమంటారా, మానిపించమంటారా?"

పోస్టుమాస్టరమ్మ పాత ప్రశ్న తెరిచి చూసింది. రెండో వరుసలోనే ఉంది. ఫ్యాక్టరీ స్థలంలోనే బోరు వేశారేమో, పిల్లలు అవే నీళ్లు తాగుతున్నారని.

తల తీసేసినట్టయింది. పక్క సీటాయన తొంగిచూసి, మాస్టారి ఫొటో పూస్తే దద్దుర్లు తగ్గుతాయేమోలే అక్కా అన్నాడు. వేరే రోజైతే ఆమే ముందు నవ్వేది. ఇప్పుడు ఆ తల్లి గొంతు ఎలా ఉంటుందో తెలియకపోయినా చెవుల్లో వినపడుతోంది.

పెద్దసారు దగ్గరికెళ్లింది. జవాబు వెళ్లింది కదమ్మా, మూసెయ్, మనదేమన్నా నీళ్ల ఆఫీసా అని ఆయన తల కూడా ఎత్తలేదు. ఆమెకు ఆయన ముఖం చూడాలంటేనే మొహం చెల్లలేదు. అయినా కదల్లేదు.

"తప్పు నాదే సార్, చదవకుండా పంపాను. చదవొద్దన్నది మీరు. నీళ్లు పరీక్ష చేసే మేడమ్ మన నిపుణుల్లోనే ఉంది, మీరు చెప్తే ఇవాళే వెళ్తుంది. సంగతి తేలేదాకా ఆ నీళ్లు ముట్టొద్దని తల్లికి నేను చెప్తాను, తిట్లూ నేనే తింటాను. ఇకనుంచి ప్రశ్న మొత్తం చదివాకే పంపుతాం, ఆలస్యమైతే అవనీండి. ముందు ఆ ఫోన్ తియ్యండి సార్."