వెంకట్రాజు గారి కారు గొట్టం

కామేశ్వరరావుకు మనుషుల మీద పెద్దగా గౌరవం లేదు. ఏలూరులో ఒక ప్రభుత్వాఫీసులో ముప్ఫై నాలుగేళ్ళు ఫైళ్ళు చూసి, సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి ఆయన. అన్నేళ్ళలో తప్పుల్లేని దరఖాస్తు ఒక్కటీ ఆయన బల్ల మీదికి రాలేదు. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని భార్య ఆండాళ్ళు చేసే చారులో తప్పులు పట్టడం మొదలుపెట్టాడు. నెల తిరక్కుండా ఆవిడే ఎవరికో చెప్పించి, కైకలూరులో రొయ్యల చెరువుల వెంకట్రాజు గారి ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తరాలు రాసే పని చూపించింది. రోజూ పొద్దున బస్సెక్కించి, హమ్మయ్య అనుకునేది.

వెంకట్రాజు ఇంటరు దగ్గర చదువు ఆపేసి, చెరువులు తవ్వి, ఐసు ఫ్యాక్టరీ కట్టినవాడు. ‘విత్’ అనాల్సిన చోట ‘విచ్’ అనే మనిషి కింద పని చెయ్యాల్సి వచ్చిందే అని కామేశ్వరరావుకు లోపల ఒక ముల్లు ఉండనే ఉంది. దానికి తోడు ఆ కారొకటి వచ్చిపడింది.

హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన జర్మనీ స్పోర్ట్స్ కారు. పండు నిమ్మకాయ రంగు. ఇద్దరే పడతారు, ఆ ఇద్దరూ కూడా చాప చుట్టినట్టు చుట్టుకుంటేనే. దాని పొట్టకీ రోడ్డుకీ మధ్య కొర్రమీను నిలువుగా పట్టదు. అలాంటి దాన్ని తెచ్చి కొల్లేటి గట్ల మీద, మేత లారీలూ చేపల వ్యాన్లూ దున్నిపారేసిన రోడ్ల మీద తిప్పుతానన్నవాడి బుద్ధిని ఏమనాలి? కామేశ్వరరావు ఏమీ అనలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన అసహ్యం అంతా ఆ తుడవడంలోనే ఉండేది.

శ్రావణంలో ఆయన ఎదురుచూసినంతా అయింది. నాలుగు రోజులు ముసురు పట్టాక, ఏలూరులో ఇడ్లీ తిని వస్తున్న వెంకట్రాజు నీళ్ళ కింద గొయ్యి చూసుకోలేదు. కారు కింద సైలెన్సరు గొట్టం చిరిగింది. కారు ఆఫీసు దగ్గరికొచ్చేసరికి ఆ చప్పుడు విని, ఎవరో ఆయిలింజను ఆపకుండా బండి మీద వేసుకుని వస్తున్నారనుకుని ఆఫీసులోవాళ్ళంతా బయటికి పరిగెత్తారు. కామేశ్వరరావు మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

సాయంత్రం వెంకట్రాజే ఆయన బల్ల దగ్గరికి వచ్చాడు. “మాస్టారూ, మీకు ఇంగ్లీషు వచ్చు కదండీ. ఈ గొట్టం ఎక్కడ దొరుకుద్దో మీరే చూడాలండీ.”

“నాకు కార్ల సంగతి తెలియదండీ.”

“రొయ్యల సంగతీ తెలీదు కదండీ. రాస్తున్నారా లేదా?”

కామేశ్వరరావు రాస్తున్న ఉత్తరం పక్కన పెట్టి, షోరూము నంబరు వెతికాడు.

చిరిగింది గొట్టమంతా కాదు, మధ్యలో మూరెడు ముక్క. షోరూముకు ఫోను చేస్తే, ఆ మోడల్ ఆగిపోయి చాలా ఏళ్ళయిందనీ, తెప్పించినా ఎప్పటికొస్తుందో చెప్పలేమనీ అన్నారు. ఈలోగా వెంకట్రాజు మేనల్లుడు విశ్వతేజ రంగంలోకి దిగాడు. వాడు ఫోనులో వీడియోలు చూసి ఇంజనీరైన రకం. ‘అన్ని కార్లకూ సరిపోవును’ అని ఉన్నదాన్ని ఆన్‌లైన్లో తెప్పించాడు. కారు గొట్టం అంచుకి మూడు బోల్టులు, వచ్చిన దానికి రెండే కన్నాలు. రెండోసారి తెప్పించిన దానికి కన్నాలు మూడే గాని, గొట్టం బొటనవేలంత సన్నం.

“కొంచెం తేడాకి ఏముంది మావయ్యా, వెల్డింగు కొట్టించేద్దాం,” అన్నాడు విశ్వతేజ.

మూడోది లావూ కుదిరింది, బోల్టులూ కుదిరాయి. తీరా సెన్సరు పెట్టే రంధ్రం లేదు.

‘మా నాన్న ఊరందరికీ జాతకాలు చూశాడు, అన్ని జాతకాలకూ పొంతన కుదిరే వరుడు ఏ పిల్లకూ పనికిరాడని చెప్పేవాడు’ అనుకున్నాడు కామేశ్వరరావు. పైకి మాత్రం, “బాబూ, ఇంక నువ్వు శ్రమపడకు,” అన్నాడు.

ఆయన పద్ధతి వేరు. లోకంలో ఆయన నమ్మినవి రెండే, నంబరూ తేదీ. చిరిగిన ముక్కని షెడ్డులో బల్ల మీద పెట్టించి, కిరసనాయిలు పోసి, ఇనుప బ్రష్షుతో తుప్పంతా గీకాడు. భూతద్దం పెట్టి వెతికితే అంచు పక్కన పదకొండు అంకెలు బయటపడ్డాయి. వాటిని కంపెనీ విడిభాగాల జాబితాలో కొట్టి చూస్తే, ఆ నంబరు రద్దయిందనీ, దాని బదులు ఫలానా నంబరు వాడాలనీ వచ్చింది. పాత ఫైలు మూసి కొత్త ఫైల్లో కలిపారన్నమాట! ఎన్నాళ్ళకో ఒక మనసెరిగిన మాట చదివినట్టయింది ఆయనకి. జర్మనీ వాళ్ళ మీద కాస్త గౌరవం కూడా కలిగింది.

కొత్త నంబరు కాగితం మీద రాసుకుని, ముక్కను గోనెలో చుట్టి, వెంకట్రాజుతో కలిసి జీపులో తాడేపల్లిగూడెం వెళ్ళాడు. అక్కడ నెల్సన్ సైలెన్సరు షాపు పాతది. నెల్సన్‌కి చూపు తగ్గాక షాపు కూతురు బ్లెస్సీ చూసుకుంటోంది. ముప్ఫై ఏళ్ళుంటాయి. వీళ్ళు వెళ్ళేసరికి వ్యాన్ల డ్రైవర్లు అయిదారుగురు చుట్టూ నిలబడి ఉన్నారు. ఈ అమ్మాయికేం తెలుస్తుందిలే అని కామేశ్వరరావు ముందే తీర్మానించుకుని, కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఆమె కాగితం తీసుకోలేదు. ముందు గొట్టం తీసుకుంది. వెర్నియరు కొలబద్ద పెట్టి లోపలి కొలతా బయటి కొలతా చూసింది, బోల్టుల మధ్య ఎడం చూసింది, సెన్సరు మర వేలితో తడిమింది. అప్పుడు కాగితం అడిగింది.

“నంబరు కరెక్టే బాబాయి గారూ. బాగా పట్టుకున్నారు. ఈ ముక్క మా దగ్గర రెండున్నాయి.”

“ఇక్కడా?” అన్నాడు కామేశ్వరరావు.

“అదే కంపెనీ నాలుగు డోర్ల కారు ఉంది చూడండి, దానిదీ ఇదే ఇంజను, ఇదే ముక్క. గన్నవరం ఎయిర్‌పోర్టు దగ్గర అద్దెకి తిప్పేవాళ్ళు పట్టుకెళ్తారు.”

కామేశ్వరరావుకు ఆనందం ఆగలేదు. ఆ నిమ్మకాయ రంగు వైభవం పొట్టలో ఉన్న రహస్యం ఇదన్నమాట. ఆఫీసులో ఆర్డరు చదివినట్టు, అందరికీ వినబడేలా, “అంటే ట్యాక్సీ కారు గొట్టమేనన్నమాట మన కారుకీ!” అన్నాడు.

డ్రైవర్లలో ఒకడు కిసుక్కున నవ్వాడు. వెంకట్రాజు మొహం గంటు పెట్టుకున్నాడు. బ్లెస్సీ చెప్పిన ధర కూడా ఆ కారుకు అవమానమయ్యేంత తక్కువగా ఉంది.

“వద్దండీ. మా కారుకి దాని ముక్కే కావాలి. జర్మనీ నుంచే తెప్పిస్తాం. పదండి మాస్టారూ,” అని జీపెక్కేశాడు.

దారి పొడుగునా కామేశ్వరరావు లోలోపల ఉడికిపోయాడు. పొంతన కుదిరి, నంబరు కలిసి, చేతికందిన వస్తువుని ట్యాక్సీదని వదిలేసే మూర్ఖుడా! ఆకివీడు దాటేసరికి ఆయన ఒక నిర్ణయానికొచ్చాడు. ఇలాంటివాడికి నిజం చెప్పడం నిజానికే అగౌరవం.

ఆదివారం ఒక్కడే రైల్లో గూడెం వెళ్ళి, ఆ ముక్క కొన్నాడు. కాస్త నసిగి, “ఖాళీ పెట్టె ఏదైనా ఉంటుందామ్మా? విదేశీదిలా ఉండాలి,” అని అడిగాడు.

“బోల్డున్నాయండీ,” అంది బ్లెస్సీ, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా. “అందరూ అడిగేదేనండి.”

అటక మీంచి ఒక పెట్టె దింపింది. దాని మీద ఇంగ్లీషు అక్షరాలే, కాని వాటి నెత్తిన టోపీలు, కింద చుక్కలు. సరిగ్గా సరిపోయింది. పది రోజులాగి దాన్ని వెంకట్రాజు బల్ల మీద పెట్టి, “జర్మనీ నుంచి వచ్చిందండీ,” అన్నాడు. జీవితంలో మొదటి అబద్ధం కాదుగాని, ఇంత శుభ్రంగా, ఇంత తేలిగ్గా ఆడింది అదే మొదటిది.

ఆ మధ్యాహ్నమే మెకానిక్కు బిగించాడు. కారు మళ్ళీ గుర్రుమంటూ గట్టెక్కింది. వెంకట్రాజు కనబడ్డవాళ్ళందరికీ జర్మనీ పేరు చెప్పాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర కామేశ్వరరావు ఆ వైనమంతా భార్యకి చెప్పి, నవ్వి నవ్వి కన్నీళ్ళు తుడుచుకున్నాడు.

“పెట్టె చూసి మురిసిపోయాడే! లోపల ఏముందో తొంగి చూడలేదు.”

ఆండాళ్ళు మజ్జిగ పోస్తూ, “మీరూ పెట్టెలో పెట్టేగా ఇచ్చారు,” అంది. ఎందుకో తర్వాతి ముద్ద ఆయనకి రుచించలేదు.

రెండు వారాల తర్వాత వెంకట్రాజు ద్వారకా తిరుమల బయల్దేరాడు. భార్య మంగాయమ్మ ఆ కార్లో ముడుచుకుని కూర్చోలేనని ఖరాఖండీగా చెప్పేసింది. “మీరు రండి మాస్టారూ, వెంకన్న దర్శనం కూడా అవుద్ది,” అని కామేశ్వరరావుని ఎక్కించుకున్నాడు. భీమడోలు దగ్గర టీ తాగుతుంటే తెలిసినాయన ఒకరు కలిశారు. ఆయనకీ జర్మనీ కథ సాంతం చెప్పాడు వెంకట్రాజు. పక్కనే నిలబడి వింటున్న కామేశ్వరరావు కళ్ళజోడు తుడుచుకున్నాడు.

కారు మళ్ళీ కదిలాక వెంకట్రాజు రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అడిగాడు.

“ఆ పెట్టె కూడా బ్లెస్సీ గారి దగ్గరదేనాండీ?”

కామేశ్వరరావు కళ్ళజోడు తియ్యబోయి ఆగిపోయాడు.

“మీద రాసింది వియత్నాం భాషండీ. మన రొయ్యలు వెళ్తాయి కదండీ అక్కడికి, నేను రెండుసార్లు వెళ్ళొచ్చాను. ఆ టోపీలూ కింద చుక్కలూ జర్మనీ వాళ్ళకుండవండీ.”

ముప్ఫై నాలుగేళ్ళు ఊరందరి తప్పులూ పట్టినవాడు, పెట్టె మీద అంగుళమంత అక్షరాల్లో ఉన్న తప్పు చూడలేదు. కామేశ్వరరావు చెవులు కాలిపోయాయి. “మరి... తెలిసీ ఎందుకు ఊరుకున్నారండీ?” అన్నాడు ఎట్టకేలకు.

“నాకు కావాల్సింది గొట్టమేనండీ, కుదిరింది. ఆ వేళ అక్కడ మీరన్న మాటే కుదర్లేదు. ఆరుగురు డ్రైవర్ల ముందు ట్యాక్సీ గొట్టం అని చదివి వినిపించారు. ఆ మాటతో కొనుక్కుని తెచ్చుకుంటే, సాయంత్రానికి కైకలూరంతా నా కారుని ట్యాక్సీ అని పిలుచుద్దండీ.” కొంచెం ఆగి నవ్వాడు. “మీరు రోషం గల మనిషి. ఎలాగోలా తెస్తారని తెలుసు. మా రొయ్యా అంతేనండీ. ఒకే చెరువుది ఒకే రోజు పడతాం. ఏ పెట్టెలో పెడితే ఆ పేరు.”

“నేను అబద్ధం చెప్పానండీ మీకు,” అన్నాడు కామేశ్వరరావు. అది ఒప్పుకోలులా కాకుండా, ఎవరిదో దరఖాస్తులో తప్పు చూపించినట్టు వచ్చింది.

“చెప్పారండీ. ఇంకోసారి చెప్పాల్సొస్తే కాస్త చూసి చెప్పండి.”

కొండ కింద బండ్లు ఆపే చోట వెంకట్రాజు దిగి, అవతలి పక్కకి వచ్చి తలుపు తీశాడు. కామేశ్వరరావు లేవబోయాడు. మోకాళ్ళు గడ్డం దగ్గర ఇరుక్కుపోయాయి. రెండుసార్లు ప్రయత్నించి, చివరికి వెంకట్రాజు చాచిన చెయ్యి పట్టుకున్నాడు. రొయ్యల చెరువుల్లో ముదిరిన ఆ చెయ్యి ఒక్క ఊపులో ఆయన్ని బయటికి లాగి నిలబెట్టింది.

పంచె సర్దుకుంటూ ఆయన కారు వంక చూశాడు. వెంకట్రాజు గురించి కొన్ని అభిప్రాయాలు మార్చుకోక తప్పదని అర్థమైంది. కారు గురించి మాత్రం మార్చుకోవాల్సిందేమీ కనబడలేదు. బుద్ధున్నవాడెవడూ దాన్ని కొనడు.