టెలూరియం పక్కన అయోడిన్

అర తుడుద్దామని ఆమె నూనె డబ్బా ఎత్తితే, దాని అడుగున పరిచి ఉన్న దళసరి కాగితం కూడా అంటుకుని పైకి లేచింది. తిరగేసి చూస్తే అది తన మూలకాల పట్టిక. నిన్నటిదాకా వంటింటి తలుపు వెనక తగిలించి ఉన్నదే. నూనె గుండ్రంగా ఇంకి రాగీ, జింకూ మసకబారిపోయాయి. "ఊరికే వేలాడుతోంది కదా అని పరిచానమ్మా, దళసరిగా బాగుంది," అన్నారు అత్తగారు కళ్ళజోడు సర్దుకుంటూ. ఆవిడ గొంతులో ద్వేషమేమీ లేదు. ఆమెకి ఒళ్ళు మండింది అందుకే. ద్వేషముంటే పోట్లాడొచ్చు. ఆ కాగితం ఈ ఇంట్లో ఒక మనిషికి అవసరమని ఎవరికీ తోచనే తోచకపోతే, ఇక దేనితో పోట్లాడాలి?

రక్తపరీక్షల ల్యాబులో కౌంటరు దగ్గర కూర్చుని రిపోర్టులు కవర్లలో పెట్టి ఇవ్వడం ఆమె ఉద్యోగం. పన్నెండో తరగతిలో కెమిస్ట్రీ తప్పింది. మళ్ళీ రాసేలోపే పెళ్ళయింది, ఆ తర్వాత పరీక్ష ఊసెత్తినవాళ్ళు లేరు. ఒకరోజు రిపోర్టు అందుకుంటూ ఒక ముసలావిడ, "పొటాషియం అంటున్నావు, ఇక్కడేమో కే అని రాశారు. పొటాషియంలో కే ఎక్కడుందమ్మా?" అని అడిగింది. ఏళ్ళ తరబడి ఆ అక్షరం మీదే వేలు పెట్టి చూపిస్తున్నా, ఆమెకి జవాబు తెలియలేదు. లోపల మిషను దగ్గరున్న టెక్నీషియన్ని అడిగితే, "అవన్నీ మీకెందుకండీ, కవరంటించి ఇచ్చేయండి," అన్నాడు. పాత పుస్తకం కోసం ఆ సాయంత్రమే అటక ఎక్కింది. పొటాషియానికి లాటిన్‌లో కేలియం అని పేరట, ఆ కే అక్కణ్ణించి వచ్చిందట. ఇంత చిన్న సంగతి కోసం ఇన్నేళ్ళు నోరు మూసుకుని కూర్చున్నానా అనుకుంది. తప్పిన ఆ ఒక్క సబ్జెక్టూ పాసైతే టెక్నీషియన్ కోర్సులో చేర్పించి మిషను పని ఇస్తానని ల్యాబు నడిపే డాక్టరమ్మ మాటిచ్చింది.

మళ్ళీ పరీక్ష రాస్తానంటే భర్త కాదనలేదు. కాదంటే మనిషి చెడ్డవాడని చెప్పుకోవడానికైనా ఉండేది. పట్టిక తనే కొనుక్కొచ్చాడు. "మా ఆవిణ్ణి చదివిస్తున్నాను," అని కనిపించిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు. ఆయన చదివించడమంటే ఏమిటంటే, ఆఫీసు స్నేహితులు భోజనానికి వచ్చినప్పుడు ఆమె చేతిలో గరిటె ఉండగా, "ఏదీ, ఇరవయ్యారోది ఏంటో చెప్పు?" అని అడగడం. ఆమె "ఇనుము" అనేది. వాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. తర్వాత నీళ్ళు అడిగేవాళ్ళు. ఆయన ఇస్త్రీ బట్టలూ, అత్తగారి మందులూ, బాత్రూములో కారే కుళాయీ ఎప్పటిలాగే ఆమెవే. చదువు మాత్రం ఆయనది.

ఆ ఇస్త్రీ చేస్తూనే ఒక సాయంత్రం ఆమె టెలూరియం దగ్గర ఆగిపోయింది. పట్టికలో బరువులు పెరుగుతూ పోతున్నాయి కదా, మరి ఎక్కువ బరువున్న టెలూరియం ముందుండి, తక్కువ బరువున్న అయోడిన్ దాని తర్వాత ఎందుకుంది? భర్తని అడిగింది. ఆయన టీవీలో మ్యాచ్ మీంచి చూపు తిప్పకుండానే, "అచ్చుతప్పు అయ్యుంటుంది. ఇలాంటివి తవ్వుతూ కూర్చోకు. బట్టీ పట్టు, గట్టెక్కుతావు," అన్నాడు. పుస్తకం తీసి చూస్తే అందులోనూ అంతే ఉంది. రెండు చోట్లా ఒకటే తప్పు ఎలా పడుతుంది?

మర్నాడు గిన్నెలు తోముతుండగా తట్టింది. అడ్డంగా కాదు, నిలువుగా చూడాలి. అయోడిన్ పైన బ్రోమిన్, దానిపైన క్లోరిన్. ముగ్గురికీ ఒక్కొక్క ఎలక్ట్రాన్ తక్కువ, ముగ్గురూ సోడియంతో కలిస్తే ఉప్పే. బరువు చూసి అటూ ఇటూ మార్చితే అయోడిన్ వెళ్ళి గంధకం ఉన్న నిలువు వరసలో పడుతుంది, ఆ కుటుంబంతో దానికి ఏ పోలికా లేదు. మొదట పట్టిక వేసినవాళ్ళు అక్కడ బరువుని పక్కనపెట్టి గుణం చూసి చోటిచ్చారన్నమాట. అసలు లెక్క బరువుది కాదనీ, లోపలున్న ప్రోటాన్లదనీ ఆ తర్వాత ఎప్పటికో తేలింది. బట్టీ పట్టిన పేర్లన్నీ ఒక్కసారి కదిలి వాటి వాటి చోట్లలోకి వెళ్ళి కూర్చున్నట్టయింది. జన్మలో మొదటిసారి ఒక విషయం ఎవరూ చెప్పకుండా తనంతట తనకే అర్థమైంది. చేతులు తుడుచుకోకుండానే హాల్లోకి పరిగెత్తి, "అది అచ్చుతప్పు కాదండీ," అని మొదలుపెట్టి మొత్తం చెప్పింది. ఆయన ఊఁ, ఊఁ అంటూ విన్నాడు. అయిపోయాక, "లోపల కుళాయి పోతున్నట్టుంది, కట్టు," అన్నాడు.

ఆమె వెళ్ళి కుళాయి కట్టేసింది. అంత సంతోషం అంత తొందరగా ఆవిరైపోవడం చూసి తనకే ఆశ్చర్యం వేసింది. అరిస్తే గయ్యాళి అంటారు. ఏడిస్తే, ఇంత చిన్నదానికా అంటారు. గిన్నెలు మాత్రం ఎప్పటికంటే గట్టిగా చప్పుడయ్యాయి.

పరీక్ష ఆదివారం పొద్దున. ఆ తేదీ నెల ముందే చెప్పింది, క్యాలెండరులో గుండ్రం చుట్టింది, భర్తకి గుర్తు చేస్తూనే ఉంది. శనివారం సాయంత్రం ఆయన ఫోను పెట్టేసి, "రేపు అక్కావాళ్ళు భోజనానికి వస్తున్నారు, పిల్లలతో సహా," అన్నాడు.

"రేపు నా పరీక్ష."

"తెలుసులే. ఏం చేస్తాం, వాళ్ళకి రేపే కుదిరింది. పరీక్షదేముంది, ఆర్నెల్లకి మళ్ళీ వస్తుందిగా."

ఆమె ఊరుకుందంటే ఒప్పుకున్నట్టేనని ఆయన అనుకున్నాడు. ఇన్నేళ్ళ అలవాటు మరి, ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు. అత్తగారు రేపటికి ఏమేం వండాలో పైకి అనుకుంటూ కూరగాయల బుట్ట ముందేసుకున్నారు.

ఆదివారం పొద్దున ఆమె స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, రెండు పెన్నులూ హాల్ టికెట్టూ సంచిలో పెట్టుకుని చెప్పులు వేసుకుంది. పేపరు చదువుతున్న ఆయన తలెత్తి, "ఎక్కడికి? అక్కావాళ్ళు వచ్చేస్తారు," అన్నాడు.

"మీ అక్కయ్య కూడా మళ్ళీ వస్తారుగా," అందామె.

వంటింట్లోంచి అత్తగారు, "బియ్యం ఎంత పొయ్యమంటావు?" అని అడుగుతున్నారు. ఆ ప్రశ్న ఎవరికో ఆమె ఆగి చూడలేదు.

పరీక్ష హాల్లో ఫ్యాన్లు గరగరమంటున్నాయి. తన వయసులో సగమైనా లేని పిల్లల మధ్య ఇరుకు బెంచీలో సర్దుకుని కూర్చుంది. కాగితాలు పంచే ముందు, ఫోన్లు ఆపేసి సంచుల్లో పెట్టమని పర్యవేక్షకురాలు చెప్పింది. హాలంతా జేబులూ సంచులూ వెతుక్కుంటోంది. ఆమె మాత్రం పెన్ను మూత తీస్తూ ఉండిపోయింది. తన ఫోను ఇంటి గేటు దాటుతూనే ఆపేసింది.