సేవ్ అయిందన్నాది సామీ!

"సేవ్ అయిందన్నాది సామీ! నా కళ్ళతో సూసినాను!"

పొద్దున్నించీ వెంకటముని నోట ఇదే మాట. వినీ వినీ అమర్‌నాథ్‌కు తల వాచిపోయింది. వెంకటముని తిరుపతిలోని ఆ సత్రానికి ఇరవై రెండేళ్ళుగా మేనేజరు. గదులు రాసుకునే కంప్యూటరు పెట్టింది అమర్‌నాథ్. నిన్న సాయంత్రం రాసిన పన్నెండు గదులు ఇవాళ అందులో లేవు. వాటిలో వేరేవాళ్ళు దిగిపోయారు. కూతురి పెళ్ళికని అవి రాయించుకుని సత్యవేడు నుంచి వచ్చిన వసంతమ్మ, చుట్టాలతో సహా వరండాలో సామాన్ల మీద కూర్చుంది. మేనేజరే గదులు అమ్ముకున్నాడని ధర్మకర్త దేవరాజులు తేల్చేశాడు. మధ్యాహ్నంలోగా నిజం బయటపడకపోతే ఉద్యోగం ఊడినట్టే.

డిస్కు తెరిచి చూసేసరికి అమర్‌నాథ్‌కు ఒళ్ళు మండింది. "ఇందులో చెవులు కుట్టిన వీడియోలేందన్నా? గొంతుదాకా నిండిపోయుండాది!"

"మా మనవరాలివి సామీ. సోటుండాది కదా అని పెట్టినా."

ఖర్మ! "ఇను. నువ్వు రాయంగానే కంప్యూటరు డిస్కులో చోటియ్యదు. మనసులో పెట్టుకోని, చోటు తర్వాత చూస్తుంది."

"మా మాదిరే. పెళ్ళోళ్ళకు పది గదులని మాటిస్తాం. నంబర్లు ఆనక ఏస్తాం. అప్పుడైతే అన్నీ పక్కపక్కనే పడతాయి."

"అదే! మరి గదులు అయిపోవస్తే?"

"ఇంక మాటలేడివి? నంబరేసి తాళం సేతిలో పెడతా. లేకుంటే అప్పుడే లేదంటా. గుమ్మంలోకి వచ్చినాక లేదంటే సెప్పుతో కొడతారు!"

"ఇదీ అట్లే చేయాల. చోటు తగ్గంగానే మాట మీద నడపడం మానాల. ఈ చోటు చూసే పద్ధతి కొత్త రకం గదా, ఎంత మిగిలిందో అంచనా తప్పినాది. తీరా డిస్కులో పెట్టబోతే చోటు లేదు."

"సరే, తప్పింది. రాసిందో లేదో సూడకుండా అయిందని ఎందుకన్నాదప్పా?"

అమర్‌నాథ్ తను రాసిన ప్రోగ్రాము తెరిచాడు. ఆ మాట కంప్యూటరుది కాదు. తెర మీద వచ్చేట్టు రాసింది తనే. ఇదివరకు ప్రోగ్రాము 'డిస్కులో పడిందా?' అని అడిగి, జవాబు వచ్చాకే అయిందనేది. ఒక్కో పేరుకు రెండు సెకండ్లు ఆలస్యమని కౌంటరు దగ్గర జనం అరిస్తే, మొన్న ఉగాదికి ఆ అడగడం కాస్తా పీకేశాడు. ఛీ, ఏం తెలివి! డిస్కు చిట్టాలో నిన్న నాలుగుంబావుకే హెచ్చరిక పడి ఉంది. చూసినవాడు లేడు.

దేవరాజులు లోపలికి వచ్చాడు. "ఏమప్పా, తేలిందా? వీడేనా?"

వీడియోల వల్లే అంటే చాలు, నమ్మేస్తాడు. అందులో అబద్ధమూ లేదు. వెంకటముని తల వంచుకుని నిలబడ్డాడు.

"కాదయ్యా. ఈయన గదులు సక్రమంగానే రాసినాడు. చూడకుండా అయిందని చెప్పింది నేను."

దేవరాజులు అతన్ని ఎగాదిగా చూశాడు. "అట్లయితే పో. బయట ఆ యమ్మకు గూడా నువ్వే సెప్పు."

అమర్‌నాథ్ లేచి వరండాలోకి నడిచాడు. అతన్ని చూడగానే వసంతమ్మ నవ్వుమొహంతో లేచి, సంచులు చేతికి తీసుకుంది.