ఆ గోడా, ఈ గోడా

ఫిజిక్స్ క్లాసంటే చిట్టికి గుండె దడ. ఇల్లంతా ముద్దుగా చిట్టి అని పిలుస్తుంది గానీ, ఈ విషయంలో నాన్న ముద్దు చేసేలా లేడు. "ఈ వారంలో తేల్చుకో. అర్థం కాకపోతే గ్రూపు మార్పించేస్తా," అన్నాడు. ఆమెకు మారాలని లేదు. ఉండే ధైర్యమూ లేదు.

ఫిజిక్స్ మాస్టారిది ఓ వింత పద్ధతి. ప్రయోగం చేసే ముందు జవాబు నోటితో చెప్పనివ్వరు. ఒక్కో జవాబుకు ఒక్కో గోడ; ఎవరికేది నిజమనిపిస్తే వాళ్లు ఆ గోడ దగ్గర నిలబడాలి. చిట్టి ఎప్పుడూ జనం ఎటుంటే అటే. గొర్రెదాటుకు ఏ గోడైతేనేం!

ఆ రోజు మాస్టారు కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి, దారానికి కట్టిన రాయి చేత్తో పట్టుకున్నారు. "రాయిని నీళ్లలో ముంచుతాను. అడుగు తగలదు, దారం నా చేతిలోనే ఉంటుంది. కాటా మీద అంకె పెరుగుతుందా, పెరగదా?"

బిలబిలమంటూ అందరూ 'పెరగదు' గోడకే చేరారు. చిట్టీ బయల్దేరింది గానీ సగంలో కాళ్లు ఆగిపోయాయి. పొద్దున నీళ్ల డ్రమ్ములో బకెట్టు ముంచింది. మునిగి ఉన్నంతసేపూ తేలిగ్గా ఉన్నది, పైకి రాగానే చెయ్యి లాగేసింది. ఇందులో ఏదో తిరకాసుంది. అదేమిటో ఎంతకీ అంతుపట్టలేదు.

"ఏమ్మా, అటా ఇటా?"

"తెలీదండీ." అందరూ నవ్వారు. ఏడుపు తన్నుకొచ్చినా నోరు మాత్రం ఆగలేదు. "నీళ్లలోకెళ్తే రాయి మీ చేతికి తేలికవుతుంది కదండీ. మరి ఆ తగ్గిన బరువు ఎక్కడికి పోయినట్టు?"

మాస్టారు రాయిని నీళ్లలోకి దించారు. అంకె పెరిగింది. గోడ దగ్గర ముఖాలు వెలవెలబోయాయి.

"కాటా మీదకా అండీ?" తన కళ్లనే నమ్మలేకపోయింది చిట్టి. "కానీ ఎలా?"

"అది రేపు నువ్వే చెప్పాలి," అన్నారు మాస్టారు, చెవుల దాకా నవ్వుతూ.

సాయంత్రం నాన్న అడిగాడు. "ఏమైంది? అర్థమవుతోందా?"

"లేదు నాన్నా. ఇంకా గందరగోళంగా ఉంది."

"అయితే మార్పించేద్దామా?"

చిట్టి వంటింట్లోంచి కాటా తెచ్చింది. దాని మీద నీళ్ల గ్లాసు పెట్టి, చెంచాకు దారం కట్టి, మాస్టారి ప్రశ్నే అడిగింది.

"పెరగదు. ఆ మాత్రం తెలీదా!" అన్నాడు నాన్న.

"అయితే వెళ్లి ఆ గోడ దగ్గర నిలబడు నాన్నా," అంది చిట్టి.