అర సెకను వెలుతురు

మధ్యాహ్నం మూడింటికి ఆ కుట్టుగదిలోకి వచ్చే ఎండకు తొందరేమీ ఉండదు. కిటికీ తెరలోంచి వడగట్టుకుని వస్తుంది. బట్టల తానుల మీద కాసేపు కూర్చుంటుంది. నూలు దుమ్మును గాలిలో తేలుస్తూ మెల్లగా మిషను దాకా జరుగుతుంది. ఆ వేళకు టైలరమ్మ మెలకువగా ఉందో, కలగంటోందో ఆమెకే తెలియదు. కానీ ఎంత మగతలో ఉన్నా, చేతులను ఒడిలోని బట్ట కింద దాచుకోవడం మాత్రం మరవడం లేదు.

నాలుగు నెలలుగా ఆ చేతులు వణుకుతున్నాయి. ముప్ఫై ఏళ్లుగా వీధి వీధంతటికీ చొక్కా బొత్తాల కాజాలు కుట్టిన చేతులు. సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిస్తే "ఇక చాల్లెండి, విశ్రాంతి తీసుకోండి" అంటారని భయం. ఆ మాట పడేకంటే సూదితో వేలు పొడుచుకోవడం నయమనుకునేది. పొడుచుకుంటూనే ఉంది కూడా.

ఎదురుగా కోడలు. మెడలో ఎవరో వాడి వదిలేసిన డిజిటల్ కెమెరా, చేతిలో దాని పుస్తకం. దుకాణం బోర్డు మీద అత్తగారు కాజా కుడుతున్న ఫొటో ఉండాలని ఆమె పట్టుదల. పట్టుదలకేం, బోలెడుంది. చదువు మాత్రం మూడు రోజులుగా ఒక్క పేజీ దగ్గరే చతికిలబడింది.

"ఇదేం లెక్క అత్తయ్యా! నంబరు పెరిగితే లెన్సు లోపలి కన్నం చిన్నదవుతుందట. రెండంటే పెద్దదట, పదహారంటే చిన్నదట. రాసినవాడికి మతి ఉందా?"

"వాడికుంది. మన చేతి సూదులకు మాత్రం వేరే లెక్కా? నంబరు పెరిగేకొద్దీ సన్నమేగా. ఈ ఇంటికొచ్చి ఏడేళ్లయింది, ఇదా నేర్చుకున్నది?"

కోడలు సూదుల డబ్బా వైపు చూసింది. తర్వాత పకపకా నవ్వింది. ఆ ముడి విడిపోయాక మిగతాదంతా గబగబా చదివేసింది. కన్నం పెద్దదైతే ఒక్కచోటే స్పష్టంగా పడుతుంది, వెనకదంతా మసక. సన్నదైతే ముందూ వెనకా అన్నీ తేటగా వస్తాయి, కానీ వెలుగు తక్కువ దూరుతుంది. అప్పుడు షట్టరు, అంటే లోపలి తలుపు, ఎక్కువసేపు తెరిచి ఉంచాలి.

"వెలుగు చాలకపోతే ఐఎస్ఓ, అదే వెలుగు పట్టే శక్తి, పెంచుకోవచ్చు అత్తయ్యా. మరీ పెంచితే బొమ్మ మీద ఇసుక చల్లినట్టు అవుతుందట."

"నా బట్ట మీద ఇసుకెందుకే? అదేం పెంచకు. పదహారే పెట్టు. సన్నసూది పనే పని."

వృత్తి గర్వం అలా మాట్లాడించింది. దాని ఫలితం ఎవరికి తగులుతుందో ఆమెకు తట్టలేదు.

కోడలు కెమెరాను తానుల దొంతి మీద నిలబెట్టింది. "సూది పట్టుకుని అలాగే ఉండండి. అర సెకను కదలకూడదు."

టైలరమ్మ ఊపిరి బిగబట్టి చేతులు పైకి తీసింది. ఆ అర సెకనులో గదంతా నీళ్ల అడుగున ఉన్నట్టనిపించింది. దుమ్ము కూడా ఆగిపోయింది. ఆగనివి ఆమె వేళ్లే.

ఫొటోలో కిటికీ ఊచలున్నాయి, కత్తెర మీది తుప్పు చుక్కుంది, బట్ట నేత పోగుపోగునా ఉంది. చేతులుండాల్సిన చోట తెల్లని పొగ. టైలరమ్మ తేలుకుట్టిన దొంగలా చేతులను మళ్లీ బట్ట కిందకు లాక్కుంది.

"నా చెయ్యే కదిలింది," అంది కోడలు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టు పుస్తకాన్ని తిట్టాను. ఏది మొదలుపెట్టినా నాకింతే. దీన్ని ఎవరికైనా ఇచ్చేస్తాను."

ఆమె కెమెరాను సంచిలో పెడుతోంది. గండం గడిచింది, ఊరుకుంటే చాలు. టైలరమ్మ ఊరుకుందామనే అనుకుంది. కానీ నాలుగు నెలలుగా తనను తాను ఏ చూపు చూసుకుంటోందో, ఆ పిల్ల తన చేతుల వంక సరిగ్గా అదే చూపు చూసుకుంటోంది. అది ఆమె తట్టుకోలేకపోయింది.

"నీ చెయ్యి కదిలితే కత్తెర కూడా చెదిరేది కదుటే. కిటికీ చెదిరేది. అన్నీ ఉన్నచోటే ఉన్నాయిగా."

"మరి?"

"కదిలింది నేను." బట్ట కింద నుంచి చేతులు తీసి చూపించింది.

కోడలు ఆ చేతులను చూసింది. విశ్రాంతి మాట ఎత్తలేదు. లేచి కిటికీ తెర పూర్తిగా పక్కకు లాగేసింది. కన్నం రెండుకు తెచ్చింది, ఇసుక పడితే పడనీ అని ఐఎస్ఓ పెంచింది, షట్టరు రెప్పపాటులో మూసుకునేలా తిప్పింది. "ఇప్పుడు కుట్టండి," అంటూ నొక్కింది.

ఈసారి పది వేళ్లూ వచ్చాయి. సూది నిటారుగా, వేళ్లు నిశ్చలంగా. టైలరమ్మకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. ఆ చేతుల మీద ఆమెకు ఎంత బెంగ ఉందో అప్పటిదాకా ఆమెకే తెలియదు.

"ఎంతసేపు ఆగాయే?"

"సెకనులో ఐదువందలవ వంతు."

"అంతేనా?"

"అంతే అత్తయ్యా."

కోడలు మళ్లీ మొదటి ఫొటో తెరిచి పెద్దది చేసింది. పొగ కింద, మోకాలి మీద వాలిన చొక్కా పట్టీ, దాని మీద వరసగా ఆరు కాజాలు. ఒక్క పోగైనా పక్కకు జరగలేదు.

"ఇవెప్పుడు కుట్టారు?"

"పొద్దున."

"ఈ చేతులతోనేనా?"

"మరి ఎరువు తెచ్చుకున్న చేతులతోనా?" అంది టైలరమ్మ విసుగ్గా. అన్నాక తన మాట తనకే వినిపించింది. ఫొటో వైపు వంగి, ఆరు కాజాలనూ ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకుంది.

"బోర్డు మీదికి ఈ మొదటిదే," అంది కోడలు.