నాన్న కట్టిన పొయ్యిలో కరెంటు మంట

డల్సీ పార్డీ ముప్ఫై ఏళ్లు చేపల ఫ్యాక్టరీలో కత్తి పట్టిన మనిషి. ఏ చేపకి ఎక్కడ గాటు పెట్టాలో కళ్లు మూసుకుని చెప్పగలదు. అలాంటి మనిషి ఆ అక్టోబరులో సొంత ఇంటి గోడపొయ్యి ముందు కూర్చుని, ఏం చెయ్యాలో తోచక తల పట్టుకుంది.

ఆ పొయ్యి నాన్న కట్టింది. ఒడ్డున ఏరిన గుండ్రాళ్లు పడవలో మోసుకొచ్చి, ఒక్కోదాన్నీ చేత్తో తిప్పి చూసి పేర్చాడు. న్యూఫౌండ్‌లాండ్ దీవి ఈదురుగాలులు డెబ్బై ఏళ్లు కొట్టినా ఒక్క రాయి కదల్లేదు. కానీ అక్క వెర్నా ఊపిరితిత్తులు పాడై ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచి అందులో నిప్పు రాజుకోలేదు. చిన్న పుల్ల అంటించినా ఆవిడకి దగ్గు ఆగదు. ఇంట్లో పొగ వాసన కూడా ఉండకూడదన్నాడు డాక్టరు. దాంతో రెండు చలికాలాలుగా ఆ పొయ్యి పొగగొట్టంలోంచి సముద్రపు చలి తప్ప ఇంకేమీ దిగడం లేదు. వెర్నా రెండు స్వెట్టర్లూ ఉన్ని టోపీ వేసుకుని వంటగదిలోనే కాలం వెళ్లదీస్తోంది.

ఓ శనివారం అన్న హెడ్లీ భోజనానికి వచ్చాడు. ముగ్గురూ బఠాణీ సూపు తాగుతుండగా డల్సీ మాట బయటపెట్టింది.

"ఆ పొయ్యిలో కరెంటు పొయ్యి పెట్టిస్తా అన్నయ్యా. మంట బొమ్మే, పొగ ఉండదు, వేడి మాత్రం నిజం."

హెడ్లీ చెంచా పక్కన పడేశాడు. "బొమ్మ మంట ముందు కూర్చుని చలి కాచుకుంటావటే? నాన్న సమాధిలో లేచి కూర్చుంటాడు!"

"కూర్చోనీ. ముందు అక్కని పడుకోనీ. రాత్రంతా వణుకుతోంది."

"ఒసేయ్ డల్సీ, ఆ రాళ్లలో ఒక్కటి పగిలిందా, నేను ఈ గడప తొక్కను." సూపు సగంలో వదిలేసి వెళ్లిపోయాడు.

వెర్నా చిన్నగా అంది, "నా కోసం మీరిద్దరూ కొట్టుకోకండే."

"నువ్వు సూపు తాగక్కా," అంది డల్సీ.

మర్నాడు టేపు తీసుకుని పొయ్యిలోకి తల దూర్చింది. ముందువైపు ముప్ఫై అంగుళాలు. లోపలికి పోయేకొద్దీ గోడలు వాలి, వెనక ఇరవై రెండే. ఎత్తు కూడా అంతే, ముందు ఎక్కువ, వెనక తక్కువ. కాగితం మీది అంకెల్ని నమ్మబుద్ధి కాలేదామెకు. మందపాటి అట్టతో ఆ ఆకారంలోనే పెట్టె చేసి, లోపల పెట్టి, తీసి, అంచులు కోసి మళ్లీ పెట్టింది. ఆ అట్టపెట్టెని కారులో వేసుకుని గ్యాండర్ పట్నం వెళ్లింది.

దుకాణంలో కుర్రాడు అట్టపెట్టెని చూసి నవ్వు ఆపుకున్నాడు. "ఇంత తంటా ఎందుకమ్మా? ఈ ముప్ఫై అంగుళాలది తీసుకోండి, అందరూ ఇదే పట్టుకెళ్తారు. పట్టకపోతే పక్క రాళ్లు రెండు కొట్టేస్తే సరి."

"మీ ఇంట్లో రాళ్లు కొట్టుకో నాయనా," అంది డల్సీ.

ఉన్న పొయ్యిలన్నిటి పక్కనా అట్టపెట్టె పెట్టి చూసింది. ఒకటి వెడల్పు సరిపోయింది, లోతు ఎక్కువైంది. ఇంకోటి అన్నీ సరిపోయాయిగానీ ఫ్యాను బుర్రుమంటోంది. వెర్నాది కోడికునుకు. చివరికి మూలన దుమ్ము కొట్టుకుపోయిన ఇరవై ఒక్క అంగుళాలది దొరికింది. వేడి వద్దనుకుంటే మంట ఒక్కటే, మంట వద్దనుకుంటే వేడి ఒక్కటే వచ్చేలా మీటలున్నాయి. చుట్టూ మిగిలే సందుని కప్పడానికి నల్ల ఇనప చట్రం ఉంది. ఆన్ చేయించి చెవి ఆనించి విన్నది. పిల్లి గురక పెట్టినంత చప్పుడు.

"ఇది కట్టు," అంది.

కరెంటు పనికి కొలెట్ విఫెన్ వచ్చింది. ఊళ్లో పెద్దవాళ్లందరినీ అత్తా, మామా అని పిలిచే పిల్ల.

"పొడుగు తీగ లాగి పెట్టకూడదు డల్సీ అత్తా, కాలిపోద్ది. దీనికి విడిగా లైను ఉండాలి. ఎటు తిప్పినా ఓ రాయికి తొర్ర పెట్టాల్సిందే."

డల్సీ పొయ్యి అడుగుకేసి చూసింది. అక్కడో చిన్న ఇనప మూత. ఒకప్పుడు బూడిద దాంట్లోంచి కింది నేలమాళిగలోకి తోసేవాళ్లు.

"బూడిద దిగిన దారిలో తీగ ఎక్కదా?"

కొలెట్ మోకాళ్ల మీద కూర్చుని మూత ఎత్తి, లైటు వేసి చూసి, పకపకా నవ్వింది. "ఇన్నేళ్లూ చేపల దగ్గర ఏం చేశావత్తా? నా పనిలోకి రావాల్సింది!"

ఇనప గొట్టంలో తీగ పైకి వచ్చింది. పొగగొట్టం పైన రేకు బిగించారు, లోపల నిప్పంటుకోని ఉన్ని కుక్కారు. చలిగాలి ఆగిపోయింది.

కరెంటు పొయ్యి పెట్టె బిగించే రోజు మధ్యాహ్నం హెడ్లీ వచ్చాడు. గడప బయటే నిలబడ్డాడు. "రాళ్లు లెక్కపెట్టడానికొచ్చా," అన్నాడు.

డల్సీ, కొలెట్ చెరోవైపు పట్టి తోశారు. పెట్టె సాఫీగా వెళ్లి, ఇంకా నాలుగు వేళ్ల మేర బయట ఉండగా టక్కుమని ఆగింది.

"చెప్పానా!" అన్నాడు హెడ్లీ.

డల్సీ పెట్టె వెనక్కి లాగించి, నేల మీద పడుకుని లైటు వేసింది. కెటిల్ వేలాడదీయడానికి నాన్న బిగించిన ఇనప కొక్కెం అడ్డుపడింది. కొలిచినప్పుడు పైకి మడిచి ఉంది. ఉన్ని కుక్కేటప్పుడు కిందికి జారినట్టుంది. ఎంత నెట్టినా తుప్పు పట్టి కదలడం లేదు.

"సుత్తి తీసుకురానా?" అంది కొలెట్.

"వద్దు! రాయి పగులుతుంది," అని గడప దగ్గర్నుంచి అరుపు. మరుక్షణం హెడ్లీ బూట్లతోనే లోపలికి వచ్చేశాడు. డల్సీ పక్కన బోర్లా పడుకుని చెయ్యి లోపలికి పెట్టాడు. "ఇది నెడితే రాదే పిచ్చిదానా. నేనే పట్టుకున్నా, నాన్న బిగిస్తుంటే. పైకెత్తి, ఎడమకి తిప్పాలి."

కిర్రుమంది. కొక్కెం ఊడి అతని చేతిలోకి వచ్చింది. దాన్ని చొక్కాకి తుడిచి, పక్కన పెట్టి, పెట్టెకి తనే భుజం ఆనించాడు. ఈసారి అది వెనక గోడ దాకా వెళ్లి కూర్చుంది. చట్రం బిగిస్తే వెంట్రుక దూరే సందు కూడా లేదు. నాన్న రాళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

కొలెట్ మీట నొక్కింది. ఎర్రటి మంట లేచింది. ఇంకాసేపటికి వెచ్చటి గాలి గదిలోకి పాకింది. వెర్నా టోపీ తీసింది. తర్వాత ఒక స్వెట్టరు, ఆ తర్వాత రెండోదీ. అందరూ ఆవిడ దగ్గుతుందేమోనని చూశారు. దగ్గు రాలేదు.

"బొమ్మ మంటే," అన్నాడు హెడ్లీ అరచేతులు చాపుతూ. "కానీ కాలుతోందే!"

"అన్నయ్యా, ఆ బూట్లు తియ్యి. గదంతా బురద చేశావు," అంది డల్సీ నవ్వుతూ.

వెర్నా కుర్చీ ముందుకు లాక్కుంటూ విసుక్కుంది. "బూట్లు తర్వాత. ముందు నీ ఏనుగు శరీరం పక్కకి జరపరా, నాకు వేడి తగలనీ!"