ముసునూరు ఆడపడుచు, ఆగిరిపల్లి కోడలు

విజయరాణికి కబడ్డీ పిచ్చి తండ్రి నుంచి వచ్చింది. చిన్నప్పుడు ఆయన సైకిలు వెనక కూర్చుని ముసునూరు జట్టు ఎక్కడ ఆడితే అక్కడికి వెళ్ళేది. పెళ్ళయి ఆగిరిపల్లి వచ్చాక, అక్కడి జట్టును నడిపేది తన భర్త సువర్ణరాజేనని తెలిసి సంబరపడింది. కుర్రాళ్ళ జెర్సీలు తనే ఉతికేది. ఆట రోజున క్యాను నిండా నిమ్మకాయ నీళ్ళు కలిపి పట్టుకెళ్ళేది. ఆ జట్టులో మరిది సంతోష్ పట్టుకు పేరుపడ్డాడు. ముసునూరు తరఫున కూతకెళ్ళేది తమ్ముడు జోజిబాబు. రెండు జట్లూ ఆమెవే. ఏటా ఈస్టరు తర్వాత నూజివీడులో జరిగే పోటీల్లో ఏదో ఒకటి ముందే ఓడిపోయేది కాబట్టి, తను ఎటువైపో తేల్చుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

ఈసారి రెండూ ఫైనల్‌కి రావాలని తనే ప్రార్థన చేసింది. వచ్చాయి.

ఆటకు ముందురోజు పుట్టింటికి వెళ్ళింది. జోజిబాబు పెరట్లో మంచం మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. ఎడమ మోకాలు వాచి ఉంది.

"నిన్న ఆటలో మెలిపడింది. అడుగేస్తే లోపల పట్టేస్తోందక్కా."

"అయితే రేపు ఆడకు."

"నేను లేకపోతే మావాళ్ళకి కూతకెళ్ళేవాడు లేడు. అమ్మకి చెప్పకు. బావకి అసలే చెప్పకు."

"డాక్టరుకి చూపించావా?"

"ఆట అయ్యాక చూపిస్తాలే. కోతలు కూడా మొదలవుతాయి, చెట్టెక్కాలి కదా."

మామిడి కోతే అతని జీవనం. కొసన వల కట్టిన చిక్కం కర్రకు కూడా అందని కొమ్మల్లోకి ఎక్కి, కాయకు దెబ్బ తగలకుండా దించుతాడని తోటల వాళ్ళు ముందు అతన్నే పిలిచేవారు. చెప్పనని విజయరాణి మాటిచ్చింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి సువర్ణరాజు, సంతోష్ అరుగు మీద కూర్చుని మర్నాటి ఆట గురించి మాట్లాడుకుంటున్నారు.

"మీ తమ్ముడు కుంటుతున్నాడని ఎవరో అన్నారు. నిజమేనా?" అడిగాడు సువర్ణరాజు.

"లేదండీ, బాగానే ఉన్నాడు," అని లోపలికి వెళ్ళిపోయింది.

అతను చెడ్డవాడు కాదు. కానీ ఆ కప్పు కోసం ఎన్నేళ్ళుగా ఎదురుచూస్తున్నాడో ఆమెకు తెలుసు. దెబ్బ సంగతి తెలిస్తే ఆ కాలు మీదికే మనుషుల్ని పంపుతాడేమోనని భయపడింది. చెప్పకపోతే ఇద్దరికీ న్యాయం చేసినట్టేననుకుంది.

ఫైనల్ రోజు ఆగిరిపల్లి ఆడవాళ్ళ మధ్య, పక్కింటి సుజాత పక్కన కూర్చుంది. ఎదురు వైపు తల్లి అమృతమ్మ ఉంది. జోజిబాబు ఇద్దర్ని ముట్టుకుని గీత దాటేసరికి విజయరాణి చేతులు వాటంతటవే లేచాయి. సుజాత తిరిగి చూసింది. ఆమె చేతులు దించుకుంది. సంతోష్ ఒకడిని ఎత్తి పడేసినప్పుడు చప్పట్లు కొట్టింది. అటు నుంచి తల్లి చూసింది. ఆ తర్వాత చేతులు చీర చెంగులో చుట్టుకుని కూర్చుంది. ఇష్టమైన ఆట అంత బాధగా చూడటం ఆమెకు అదే మొదలు.

ఆఖర్లో ఆగిరిపల్లికి ఒక్క పాయింటే ఎక్కువ. జోజిబాబు కూతకొచ్చాడు. మూల నుంచి సంతోష్ ఎప్పటిలాగే దూకి అతని ఎడమ కాలు రెండు చేతులతో బిగించి పట్టాడు. మిగతావాళ్ళు మీద పడ్డారు. కూత తెగిపోయి కేక వినపడింది. విజిల్ మోగింది. చుట్టూ ఆడవాళ్ళు లేచి ఈలలు వేస్తుంటే విజయరాణి వాళ్ళను తోసుకుంటూ కోర్టులోకి పరిగెత్తింది.

మోకాలి లోపల లిగమెంటు అంతకుముందే సగం తెగి ఉందని, ఇప్పుడు పూర్తిగా తెగిందని విజయవాడలో డాక్టరు చెప్పాడు. ఆపరేషన్ చేశారు. నడవగలడు గానీ చెట్లెక్కే పని మర్చిపొమ్మన్నాడు.

జోజిబాబు గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "ఆ కాలే ఎందుకు పట్టాడక్కా?"

"నేను చెప్పలేదురా."

"నీకు తప్ప ఇంకెవరికీ తెలీదు."

ఇంటికి వస్తే సంతోష్ అన్నం ముట్టకుండా కూర్చుని ఉన్నాడు. "నీకు ముందే తెలుసని మీ తమ్ముడే అన్నాడంట కదా వదినా. ఒక్క మాట చెబితే ఆ కాలు ముట్టుకునేవాణ్ణి కాదు."

సువర్ణరాజు తల ఎత్తలేదు. "నేను అడిగాను కదా విజయా. నన్ను నమ్మలేదు నువ్వు."

అది నిజమే. ఆమె సంతోష్ ముందున్న కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది.

మర్నాడు సంతోష్ ఆసుపత్రికి వెళ్ళి, జోజిబాబు చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. తనకు తెలియదని అమ్మ మీద ఒట్టేశాడు. జోజిబాబు నమ్మాడు. అప్పుడు అమృతమ్మ కూతుర్ని వరండాలోకి పిలిచింది.

"అయితే తెలిసీ ఊరుకున్నావన్నమాట. నాతో అన్నా చెప్పకూడదా? కాళ్ళావేళ్ళా పడైనా ఆపేదాన్ని కదే."

కోతల కాలమంతా జోజిబాబు తోటలో, పాక కింద కుర్చీ వేసుకుని కాయలు ఏరాడు. చెట్టెక్కే పనిలో కూలి ఎక్కువ, ఏరే పనిలో తక్కువ. సంతోష్ వారం వారం బండి మీద వచ్చి అతనితో కబుర్లు చెప్పి వెళ్ళేవాడు. ఒకసారి విజయరాణి వెళ్ళింది. అతని పక్కన కూర్చుని మచ్చపడ్డ కాయలు వేరు చేసింది.

"నేనే చెప్పొద్దన్నాను కదక్కా. నీ తప్పేం లేదు," అన్నాడు జోజిబాబు. కాయల మీద నుంచి చూపు తిప్పలేదు. ఇంకేమన్నా అంటాడేమోనని ఆమె చాలాసేపు కూర్చుంది. కాయల వ్యాను లోడయి వెళ్ళిపోయింది. అతను చేతికర్ర అందుకుని లేవబోయాడు. సాయానికి ఆమె చెయ్యి చాచేలోపే అటుపక్క కాయలేరే కుర్రాడి భుజం పట్టుకున్నాడు.